మా తమ్ముడి నీటి విమానం

మా చిన్న తమ్ముడు పోయాడు. పోయిన గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరబోతూ, బూట్లు తొడుక్కుంటుండగా గుండె ఆగింది. మరదలు ఫోన్ చేసేసరికి నేను పూజలో ఉన్నాను. తీయలేదు. రెండోసారి మోగితే లేచి తీశాను.

నలుగురిలో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. నేనుండగా వాడి గురించి ఇలా రాయడం వరస తప్పడమే. అయినా రాస్తున్నాను.

దేశం వదిలొచ్చి మేముంటున్న ఈ బాతెల్ ఊళ్ళో మన తెలుగు పిల్లలందరికీ వాడు 'విమానం అంకుల్'. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. శనాదివారాలు మాత్రం ఇద్దరే పట్టే చిన్న నీటి విమానం. అది నీళ్ళ మీద దిగుతుంది. చక్రాలు దించితే నేల మీద కూడా దిగుతుంది.

తెచ్చుకున్న కొత్తలో వాహన పూజ చేస్తానన్నాను. వాడు కాదనలేదు. రేవు దగ్గర కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. రెక్క దగ్గర సన్నని గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తే, దాని కొసకీ పెట్టాను. తడి పసుపు, కుంకుమ, దిట్టంగా. ఇద్దరం ఎక్కాం. నీళ్ళ మీద కొంత దూరం ఉరికాక ఉన్నట్టుండి ఇంజన్ తగ్గించేశాడు.

"ఏమైందిరా?"

"స్పీడ్ చూపించట్లేదక్కా. ఇంత రయ్యిన పోతుంటే మీటర్ సున్నా దగ్గరే కూర్చుంది."

ఒడ్డుకొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. ఆ గొట్టం దగ్గర ఆగి, నా వైపు చూసి, నవ్వాపుకోలేక అక్కడే చతికిలబడ్డాడు. అందులోకి దూరే గాలిని బట్టే విమానం వేగం తెలుస్తుందట.

"అక్కా, బొట్టు నుదుటికి పెట్టు. ముక్కు రంధ్రాల్లో పెట్టకు తల్లీ!"

"ఊదితే పోదురా?"

"ఊదితే మీటరే పోతుంది."

ఆ రోజు ఎగరలేదు. మెకానిక్ వచ్చి శుభ్రం చేసి, సరిగ్గా ఉందని చెప్పాకే మళ్ళీ ముట్టుకున్నాడు. ఆ తర్వాత, తలో వంటా తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్కుల్లో ఎవరు అడిగినా ఇదే కథ. "మా అక్క భక్తికి విమానానికి ఊపిరాడలేదండీ" అనేవాడు. నేను పక్కనే పులిహోర వడ్డిస్తూ వినేదాన్ని.

చీర కట్టుకుని ఎక్కుతానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నీళ్ళలో పడితే ఆరు గజాలు కాళ్ళకి చుట్టుకుంటాయి" అన్నాడు. యాభై దాటాక మొదటిసారి సల్వార్ వేసుకున్నాను, దాని మీద లైఫ్ జాకెట్. అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు.

వాడితో తిరిగి నాకూ కొన్ని తెలిశాయి. నీళ్ళ మీద ఉన్నంతసేపు అది పడవ, గాల్లోకి లేస్తేనే విమానం. కాబట్టి పడవలకుండే రూల్సన్నీ దానికీ ఉంటాయి. ఎవరైనా చిన్న తెడ్డు పడవలో, కయాక్‌లో, అడ్డొస్తే మనమే తప్పుకోవాలి. ఆగుదామంటే బ్రేకులుండవు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు అది పోతూనే ఉంటుంది. అందుకని అవతలివాళ్ళు దాటేదాకా వాడు ఓపిగ్గా గుండ్రంగా తిప్పుతూ ఉండేవాడు.

అన్ని సరస్సుల్లోనూ దిగనివ్వరు. కొన్నిట్లో అసలే కూడదు, కొన్నిట్లో వేసవిలో కూడదు. కొత్త చోటికి వెళ్ళాలంటే ముందు ఫోన్ చేసి అడిగి, చెప్పినవాళ్ళ పేరు నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. "అంత అడవిలో ఎవరు చూస్తార్రా?" అన్నానొకసారి.

"ఎవరూ చూడకపోతే నీళ్ళు మనవైపోతాయా అక్కా?"

తిరిగొచ్చాక అడుగున చిక్కుకున్న నాచు తీగలు ఒక్కొక్కటీ ఏరేవాడు. ఒక సరస్సు కలుపు ఇంకో సరస్సుకి మోసుకెళ్ళకూడదట.

దిగబోయే ముందు ప్రతిసారీ పైకి చెప్పేవాడు: "నీళ్ళ మీద దిగుతున్నాం. చక్రాలు పైకి ఉన్నాయి." నా వైపు చక్రం నన్ను చూసి చెప్పమనేవాడు. చక్రాలు దించి ఉంచి నీళ్ళను తాకితే విమానం తిరగబడుతుంది. అలవాటులో ఒక్కసారి మరిచినా చాలు. "నీ సంకల్పం లాంటిదే అక్కా. ఎక్కడున్నావో, ఏం చేయబోతున్నావో నువ్వు దేవుడికి చెప్తావు. నేను నాకు చెప్పుకుంటాను" అన్నాడు. అప్పటి నుంచి సంకల్పం నేను గబగబా చదవలేదు.

రెండేళ్ళ కిందట, మే నెలలో ఒక శనివారం. చలికాలమంతా వానల్లో ఎదురుచూసి, ఆ ఏడాది మొదటిసారి ఎగరబోతున్నాడు. మా ఇంట్లో కాఫీ తాగి మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని కాసేపలా నిలబడ్డాడు. నేనొక్కదాన్నే చూశాను. రేవుకి వెళ్ళాం. విమానమంతా తడిమి చూసుకున్నాడు. ఎక్కి బెల్టులు పెట్టుకున్నాం.

ఎగిరే ముందు పైలట్ తనను తాను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఒంట్లో బాగుందా, మందులేమైనా వేసుకున్నావా, సరిగ్గా నిద్రపోయావా. వాడు అవి ఎప్పుడూ ఒక్క ఊపులో అనేసేవాడు. ఆ రోజు మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు.

"పొద్దున చూశావు కదూ?" అన్నాడు.

"చూశాను. టిఫిన్ తినలేదు కదరా, నీరసం. కాసేపాగి వెళ్దాం. ఎవరికి తెలుస్తుంది?"

వాడు ఈ ఎగరడం మానెయ్యాలని దేవుడికి మొక్కుకున్నదాన్ని నేను. ఆ మాట అన్నదీ నేనే. వాడి మొహం చూడలేకపోయాను.

"పెద్ద లైసెన్స్ వాళ్ళకి డాక్టర్ సంతకం కావాలక్కా. నాది చిన్న లైసెన్స్, ఒంట్లో బాగుందనడానికి కార్ లైసెన్స్ ఉంటే సరిపోతుంది. కాకపోతే, బాగోలేదని తెలిసి ఎక్కకూడదు. అంటే ఎగిరే ప్రతిరోజూ సంతకం నేనే పెట్టాలి." బెల్టు తీసేశాడు. "ఇవాళ పెట్టలేను. దిగు."

గుండె లయ తప్పుతోందని పరీక్షల్లో తేలింది. ఎగరొద్దని ఏ ఆఫీసు నుంచీ వాడికి ఉత్తరం రాలేదు. మందులు కుదిరాక చూద్దామంది డాక్టరమ్మ. ఆరు నెలలు చూశాడు. ఇంకో రెండుసార్లు తల తిరిగింది. ఒకరోజు మా వంటింట్లో కూర్చుని, "చాలక్కా" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు వాడు నా మాట విని ఉంటే, అని ఈ వారమంతా మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నాను. వినలేదు. అందుకు వాడికి దండం పెట్టుకుంటున్నాను, పెద్దదాన్నే అయినా.

విమానాన్ని ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ కొనుక్కుంది, ఆమె కూడా పైలటే. ఆమె వచ్చిన రోజు నన్నూ రమ్మన్నాడు. అన్నీ చూపించి, ఆమెను ఎక్కించి, బూట్లు విప్పకుండానే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. రెక్క కొస పట్టుకుని విమానాన్ని సరస్సు వైపు తిప్పాడు.

"రెడీ?" అంది ఆమె లోపల్నించి.

"వన్ సెకండ్" అన్నాడు. చేయి తీయలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు.

తర్వాత మెల్లగా ముందుకు తోసి వదిలేసి, వెనక్కి జరిగాడు. కాస్త దూరం పోయాక ఇంజన్ మోగింది. విమానం ఉరికి, లేచి, అవతలి ఒడ్డు చెట్ల మీదుగా మలుపు తిరిగింది. చప్పుడు కూడా పోయింది. నేను పిలవలేదు. అది లేపి వెళ్ళిన అలలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తూ, దారిలో వాడి మోకాళ్ళకి తగులుతున్నాయి.