మూఢాలు అడ్డమొచ్చిన లెన్సు

కామారెడ్డిల ఫొటో స్టూడియో నడిపిన అన్న పోయిండు. నేను తాడ్వాయిల ఒక పెండ్లి ఫొటోలు తీస్తున్నప్పుడు వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు" అన్నది. అప్పుడే తాళి కట్టుడు అయింది, తలంబ్రాలు ఇంక మిగిలినయ్. నేను కెమెరా దించలే. "తలంబ్రాలు అయ్యేదాక కెమెరా దించితే ఆ ఇంటోళ్లకు అన్యాలం చేసినట్టే" అని నాకు నేర్పింది ఆయననే. కండ్లు తుడుచుకుంట తీసిన. ఆ ఫొటోలు ఎట్లొచ్చినయో ఇప్పటిదాక చూసుకోలే.

ఆయన నాకు తోడబుట్టినోడు కాదు. నేను ఎల్లారెడ్డిల స్టూడియో పెడ్తనంటే, ఆడపిల్ల కెమెరా మెడల ఏసుకొని పెండ్లిండ్లు తిరుగుడేందని ముక్కు మీద ఏలేసుకున్నోళ్లే అందరు. ఆయన ఒక్కడే నవ్విండు. "నలుగు పెట్టేకాడ మమ్మల్ని దూరం నిలబెడ్తరు. నువ్వైతే నడుమల కూసుంటవు. నీకే గిరాకి, సూస్కో" అన్నడు. ఆయన అన్నట్టే అయింది. ఇయ్యాల నేను తినే బువ్వ ఆ మాట పెట్టిందే.

లెన్సంటే ప్రాణం ఆయనకు. ఎవరి చేతిల కొత్తది కనవడ్డా గుంజుకునేటోడు. రోడ్డు అవతల ఫ్లెక్సీలుంటయి గదా, వాటి అడుగున వరుసగ చిన్న చిన్న మొఖాలు పెడ్తరు. షాపు గడపల నిలబడి ఆ మొఖాలు తీసి, ఆఖరోని మీసాలు సాఫ్‌గ వడితే లెన్సు పాసు, లేకుంటే ఫెయిలు. ఆ ఆఖరోడెవడో పాపం, తన మీసాలకు ఇంత పని పడ్డదని వానికి తెల్వది.

ఊర్ల అందరి పెండ్లిండ్లకు పోయిండు గని, వదిన పుట్టింటోళ్ల పెండ్లి ఒక్కదానికి ఆమెతోని పోలే. అదే ముహూర్తానికి ఇంకోకాడ పని ఉండేది. ఆమె ఒక్కతే బస్సెక్కి పోయేది. అందుకనే ఒకనాడు అడిగింది: "పోచారం చెరువుకాడికి తీస్కపోయి నాకొక మంచి ఫొటో తియ్యి. పిట్టలొస్తయంట. పిట్టలు, నేను, రెండూ వడాలె." ఆమె అడిగింది అదొక్కటే.

"ఉత్త లెన్సుతోని తియ్య. మంచిది కొని తీస్త" అన్నడు అన్న. దగ్గరున్న మనిషి నుంచి దూరమున్న పిట్టదాక అన్నిటికి పనికొచ్చే ఒక్క జూమ్ లెన్సు కావాలె. ఇగ మా పంచాయితీ మొదలైంది.

"పద్దెనిమిది నుంచి మూడు వందల ఎమ్మెమ్‌ది తీస్కో అన్నా, ఒక్కదాంట్ల అన్నీ."

"జూమ్ కొసదాక గుంజితే బొమ్మ మెత్తగ వడ్తది. పొద్దుగూకితే చేతులెత్తేస్తది."

"పద్దెనిమిది నుంచి నూట నలభైది?"

"బొమ్మ మంచిగుంటది. పిట్ట అందది."

"డెబ్బై నుంచి మూడు వందలది?"

"పిట్ట అందుతది. మీ వదినది ముక్కు ఒక్కటే వడ్తది."

"నా ముక్కుకేమైంది?" అని వదిన లోపల్నుంచి లేచేది.

రెండు లెన్సులు తీస్కపోయి మార్చుకో అంటే, మార్చేలోపల పిట్ట లేస్తదనేటోడు. అద్దెకు తెస్తనంటే, "ఊరోళ్ల పెండ్లిండ్లకు అద్దెది నడుస్తది, ఇంటామెకు నడువది" అన్నడు. ఫోన్ల ఆర్డర్ పెడ్తనంటే, చేత పట్టి చూడకుండ లెన్సు కొంటరా అని కోపానికొచ్చిండు. పట్నంల కోఠికి పోయి నాలుగైదు చూసి తేవాలె. ఎప్పుడు పోవాలె? ముహూర్తాలున్నప్పుడు మాకు ఊపిరి సలుపది. మూఢాలల్ల పెండ్లిండ్లు బంద్, ఈగలు తోలుకునుడే పని. అప్పుడు "నడువు అన్నా" అంటే, "మూఢంల కొత్త వస్తువు ఇంట్లకు తెస్తే అచ్చిరాదు" అనేటోడు. మూఢం వెళ్లంగనే మళ్ల పెండ్లిండ్లు మీద వడేటియి.

"లెన్సేమన్న కొత్త కోడలా, మంచి గడియ చూసి గడప దాటించనీకి?" అని ఎగతాళి చేసేదాన్ని. "నీకు తెల్వదు తియ్" అనేటోడు. ఇట్లనే ఏండ్లు గడిచినయ్. ఈ నడుమ పిలగాండ్లు డ్రోన్లు కూడ ఎగరేయవట్టిరి. మాది ఇంక "ఏ లెన్సు?" అనుడుకాడనే ఉన్నది.

మొన్నటి మూఢాలల్ల ఆయననే ఫోన్ చేసిండు. "ఈసారి ఖాయం. మూఢం వెళ్లినంక మొదటి ముహూర్తానికి పెండ్లి ఒప్పుకోలే. నీ తాడ్వాయి పెండ్లి కానియ్యి, మర్నాడే పోదాం" అన్నడు. గిరాకి వద్దన్నడంటే నాకు నమ్మబుద్ధి కాలే. వదిన కూడ మురిసింది. ఏ చీర కట్టాల్నో నన్ను అడిగింది. ఆ మర్నాడు కోఠి పోలే, కాటికి పోయినం. పాడు మూఢాలు! ఎవరి మీద తీర్చుకోవాలె ఈ కోపం?

దినాలు అయినంక వదినను నిద్రకు మా ఇంటికి తెచ్చుకున్న. చావైన ఇంటోళ్లు అయినోళ్లింట్ల ఒక్క రాత్రి పండుకొని పోవాలె గదా. తెల్లారి చాయ్ తాగుకుంట అడిగింది, "పోచారం ఈడికెంత దూరం?"

"ఎంతనో లేదు వదినా."

"నడువు మరి."

నా సంచిల కెమెరాతోని వచ్చిన మామూలు చిన్న లెన్సే ఉండె. అక్కడ చెరువుల నీళ్లు తగ్గి వెనకకు పోయినయ్. ఒడ్డుకు చేపలోళ్లు వల గుంజుతున్నరు. పెద్ద పెద్ద కొంగలు వాళ్ల కాళ్లకాడనే, బువ్వకాడ పిల్లల్లెక్క ఒకదాన్నొకటి నూక్కుంటున్నయ్. వదిన నడుచుకుంట వాటి పక్కకే పోయింది. ఒక్కటి లేవలే.

"గింత దగ్గరనే ఉంటయా ఇవి?" అన్నది. "దూరముంటయనే గదా మీ అన్న ఇన్నొద్దులు..."

అన్నేండ్లు ఏ లెన్సు, ఏ లెన్సు అని కొట్లాడినం గని, ఒక్కపారి వచ్చి చూసినోళ్లమా! ఆయన చేతిల ఉన్నదే సరిపోతుండె. ఏ ఆదివారమన్న సరిపోతుండె.

"ఇటు చూడు వదినా" అన్న. చూడలే. నేను నొక్కిన. ఆమె, నీళ్లు, కొంగలు, అన్నీ ఒక్క ఫొటోలనే సాఫ్‌గ వడ్డయి. ఎట్లొచ్చిందని కూడ అడగలే వదిన. చీర అంచు తడుస్తున్నా చూసుకోకుండ ఆ కొంగల నడుమ అట్లనే నిలబడ్డది.