కుర్చీ మీది ఫిర్యాదుల పెట్టె

జైలు గోడల మధ్య జరిగిన ఒక మహాసంగ్రామం చెప్పబోతున్నాను. నిజానికి అది ఒక రేకు పెట్టెను ముప్పై అడుగులు జరిపిన వైనం. సంగ్రామం అనకపోతే మీరు చదవరని అన్నాను.

1998 జూన్‌లో లింగంపల్లికి అవతల ఒక సబ్ జైలుకు డిప్యూటీ జైలర్‌గా వెళ్లాను. ఖైదీల ఫిర్యాదుల పెట్టె తాళంచెవి జడ్జిగారి దగ్గర ఉండేది. నెలకోసారి వచ్చి ఆయనే తెరిచేవారు. రిజిస్టరులో రెండేళ్లుగా ‘ఫిర్యాదులు లేవు’ అన్న ఒకే వాక్యం. హెడ్ వార్డర్ దాన్ని తనకొచ్చిన ప్రశంసాపత్రంలా చూపించాడు. పెట్టె వేలాడేది సరిగ్గా ఆయన కుర్చీ పైన.

వరండా ఊడ్చే మల్లేశ్‌ను కారణం అడిగాను. హైటెక్ సిటీ వైపు లేస్తున్న భవనాల్లో సెంట్రింగ్ పనివాడు, కేసు ఇంకా తేలని విచారణ ఖైదీ.

“ఆయన నెత్తిమీది డబ్బాల ఆయన మీదనే చీటీ ఎట్లేస్తం సార్?”

పెట్టెను స్నానాల కుళాయిల దగ్గరికి మార్పించాను. నాలుగో రోజు ఉదయం ఖైదీలు లెక్కకు నిలబడ్డప్పుడు మల్లేశ్ కుడి మణికట్టు వాచి ఉంది. అతను చీటీ వేయడం ఎవరో చూసి హెడ్ వార్డర్‌కు చేరవేశారు. నా సంస్కరణకు తొలి ఫలితం అది.

గంటలో హెడ్ వార్డర్ ఫైలు తెచ్చాడు. జైలు కిక్కిరిసిందని మల్లేశ్‌ను జిల్లా జైలుకు పంపాలట. జడ్జిగారి రాక రెండు రోజుల్లో. సూపరింటెండెంటు సెలవులో ఉన్నందున సంతకం నాది. ఖైదీని తరలించాలంటే ప్రయాణానికి తగినవాడని డాక్టరు రాసివ్వాలి. ఫైల్లో ఆ కాగితం లేదు.

“గింత దానికి డాక్టరెందుకు సార్? సంతకం పెట్టుండ్రి, పోతడు.”

నేను కలం మూత తీయలేదు. నా వీరత్వమంతా అంతే. కబురందుకున్న డాక్టరు వచ్చి ఎముక చిట్లిందని రాసి, మల్లేశ్‌ను ఆస్పత్రిలో చేర్చాడు. అక్కడ కాపలా పోలీసులది, హెడ్ వార్డర్ మనుషులది కాదు. ఆ రోజు నాకు అన్నం సయించింది.

జడ్జిగారు పెట్టె తెరిస్తే తొమ్మిది చీటీలు. ఏడేమో నీళ్ల పప్పు మీద. ఒకటి, లెక్క వేళ నేను వేసే జోకుల మీద, బాగాలేవట. చివరిది హెడ్ వార్డర్ మీద, మల్లేశ్ ఎవరితోనో రాయించి వేలిముద్ర వేసింది. జడ్జిగారు నేరుగా ఆస్పత్రికి వెళ్లి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ వారంలోనే హెడ్ వార్డర్ సస్పెండయ్యాడు, విచారణలో మల్లేశ్‌ను కొట్టిన నేరం రుజువైంది. మల్లేశ్ కట్టుతో తిరిగొచ్చి తాపీగా అన్నాడు:

“ఇగ జర పప్పు సంగతి జూడుండ్రి సార్.”

ఫిర్యాదులు లేవని రాసి ఉంటే, ముందు పెట్టె కింద ఎవరు కూర్చున్నారో చూడాలని నేర్చుకున్నాను. చీటీ వేసినవాణ్ణి కాపాడే ఏర్పాటు పెట్టె కంటే ముందే ఉండాలని కూడా.

కుళాయిల పక్కన పెట్టె మూడు నెలల్లో తుప్పు పట్టింది. అలాంటి చోట మామూలు రేకు పనికిరాదు, జింకు పూత రేకు వాడాలి.