కాక మంద మీద నేను వేసిన నింద

యాలాల్ పక్కన మా కంది చేను. ఎండాకాలం అది ఖాళీగా ఉన్నప్పుడు మా ఊరి గొర్రెల కాక అందులో మంద పెట్టేవాడు. నేలకు ఎరువు, ఆయన జీవాలకు చోటు. మా నాయన కాలం నుంచీ అదే వాడుక.

మూడేళ్ల కింద, పూతకొచ్చే ముందు మొక్కలు అక్కడక్కడా వాడి ఎండిపోసాగాయి. పీకితే వేర్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తాండూరు రోడ్డు మీది హోటల్లో పదిమంది చాయ్ తాగుతుండగా కాక వస్తే, అందరి ముందూ అనేశాను.

"నీ గొర్లు ఏ ఊరి రోగమో మోసుకొచ్చి నా చేన్ల పడేసినయ్ కాకా. జర సిగ్గుండాలె."

ఆయన చాయ్ తాగకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

వారం తర్వాత వ్యవసాయ అధికారి చేను చూడటానికి వచ్చింది. విత్తనానికి ఏం పట్టించారని అడిగింది. గొప్పగా చెప్పాను: ట్రైకోడెర్మా పొడి, తెగుళ్ల మందు, రెండూ ఒకే బకెట్లో కలిపి. ఒకదానికి రెండైతే ఇంకా మంచిదని నా తెలివి. ఆమె తల పట్టుకుంది.

"ట్రైకోడెర్మా కూడా బూజేనండీ, మంచి బూజు. వేర్లను కుళ్లబెట్టే బూజును అది తింటుంది. మీరు బూజును చంపే మందులోనే దాన్ని కలిపారు."

ఆ పొడిని మాగిన ఎరువులో కలిపి, తడి ఆరకుండా కొన్నాళ్లు నీడన ఉంచి చల్లాలట. ఏటా కంది మీద కందే వేయడంతో రోగం నేలలోనే పెరిగిందట. మరి గొర్రెలో, అన్నాను. "గొర్రెలేం చేశాయి?" అంది.

ఆడలేక మద్దెల ఓడన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూనే కంది కోతలు కూడా అయిపోయాయి.

ఎండాకాలం వచ్చింది. హోటల్లో నేనన్న మాట ఊరంతా పాకి, కాక మందను ఎవరూ తమ చేనుకు పిలవలేదు. ఆయన దౌల్తాబాద్ వైపు వెళ్లిపోతున్నాడని తెలిసి వాళ్లింటికి పరుగెత్తాను.

"తప్పు నాదే కాకా. మందు నేనే తప్పు కలిపిన. ఎప్పటిలెక్క నా చేన్లనే మంద పెట్టు."

ఆయన కోప్పడలేదు. "నాకొక్కనికి చెప్తె ఏం ఫాయిదా పటేలా? నా గొర్లకు రోగం లేదని నాకెర్కనే. హోటల్ కాడ చెప్పు."

సరేనన్నాను. నేరుగా హోటల్‌కే వెళ్లాను. అందరూ ఉన్నారు. ఒకాయన బల్ల మీద జరిగి చోటిచ్చి, "ఏం సంగతి, గిట్ల ఉరికొచ్చినవ్?" అన్నాడు.

ఏం లేదన్నాను. చాయ్ తాగి ఇంటికొచ్చాను. తెల్లారి కాక మంద దౌల్తాబాద్ తోవ పట్టింది.