పెద్దమ్మ అడిగిన మాట

మా పెద్దమ్మ లేచే ముందు మోకాలు పట్టుకొని "జర ఆగు బిడ్డా" అనేది. అది మాతోని అంటున్నదో, మోకాలుతోని అంటున్నదో తెలిసేది కాదు.

హైటెక్ సిటీల నాకు కొత్తగ కొలువైన రోజులు. మొయినాబాద్ కాడి చెల్క భూమి అమ్మి పెదబాపు కారు కొంటనన్నడు. చేవెళ్లల వాళ్లింట్ల కూసొని, లోకంల అన్నిటికన్న మంచి కారు ఏదని నేను, వాళ్ల కొడుకు పొద్దంత కొట్లాడినం. ఎత్తుగ ఉండే పెద్ద బండే మంచిదని నేను పట్టుబట్టిన. ఇంజనీరునని పెదబాపు నా మాటే విన్నడు.

చాయ్ ఇచ్చుకుంట పెద్దమ్మ ఒక్కటే అడిగింది. "అండ్ల ఎక్కుడు అల్కగుంటదా, కష్టమైతదా బిడ్డా?"

"నీకేం తెల్వదు, ఊకో పెద్దమ్మా," అని నవ్విన.

కారొచ్చిన నెలకు శంకర్‌పల్లిల ఆమె చెల్లె బిడ్డ పెండ్లి. పెద్దమ్మ పట్టుచీర కట్టుకొని కారు కాడికొచ్చింది. మూడుసార్లు కాలెత్తింది, అందలేదు. పెదబాపు పీట తెచ్చి వేసిండు. వాడకట్టోళ్లంత చూస్తున్నరు.

"మీరు పోండ్రి, నాకు ఇంట్ల పనున్నది," అని ఆమె లోపలికి పోయింది.

ఆమె సీట్ల నేను కూసున్న. బండి ఎంత మెత్తగ పోతున్నదోనని తొవ్వ పొడుగునా మాట్లాడుకున్నం. పెండ్లి కాడ ఆమె చెల్లె ఎదురొచ్చి, కారు లోపలికి తొంగి చూసి, "అక్క ఏది?" అన్నది.

"ఇంట్ల పనున్నదట," అన్న, ఆమె మొఖం చూడకుండ.