మడిలో జనుము

వ్యవసాయ కాలేజీలో మూడో ఏడు చదువుతుండగా, సెలవులకు వెళ్లినవాళ్లంతా సొంత పొలం మట్టి తెచ్చి పరీక్ష చెయ్యాలన్నారు మాస్టారు. ఆయనకు అదో పట్టింపు. పుస్తకంలో మట్టికి వాసనుండదట. మా మడి ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకున్న భూమిలో ఉందని ఆయనకు చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను?

ఊళ్లో సగం మంది అప్పటికే ఇళ్లు ఖాళీ చేశారు. నాన్న మాత్రం ఫ్యాక్టరీ హద్దు కాస్త జరుగుతుందని, మన మడి మిగిలిపోతుందని ఎవరో అన్న మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ మాటెత్తితే అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

మడిలో అక్కడక్కడా తవ్వి మట్టి తీశాను. గోనె మీద పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పారేసి, మిగిలింది కలిపి మళ్లీ నాలుగు చేశాను. చిన్న సంచికి సరిపడా మిగిలేదాకా అదే పని. నాన్న గట్టు మీద కూచుని చూస్తున్నాడు.

"ఇన్నేళ్లు సదివి మట్టి పారబొయ్యడం నేర్సుకున్నావేటిరా" అన్నాడు.

నవ్వాను. నిజానికి నాకేమీ అనిపించలేదు. ఆ రోజుల్లో ఏదీ అనిపించేది కాదు.

పరీక్షలో నత్రజని తక్కువని తేలింది. మాస్టారు మంచి మార్కులే వేశారు. మట్టిలో బలం తగ్గిందని, జనుము చల్లి పూత మీద ఉండగా కలియదున్ని, అది కుళ్లేదాకా ఆగి వరి నాటితే కోలుకుంటుందని ఇంటికెళ్లినప్పుడు నాన్నకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. తొలకరి పడగానే ఆయన జనుము చల్లేశాడు. పోయే మడికి ఎరువేమిటని ఊళ్లో మిగిలినవాళ్లు నవ్వారు.

హద్దు జరగలేదు. జనుము నడుమెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసినప్పుడు బుల్డోజరు వచ్చింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. నాన్నా నేనూ గాజువాక రోడ్డు మీద నిలబడి చూశాం. అది ఒక చివర మొదలుపెట్టి పూలనీ కాడల్నీ మట్టిలో కలిపేసుకుంటూ పోయింది. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఎండకు మెడ మాత్రం చుర్రుమంది.

బుల్డోజరు అవతలి చివరకు చేరింది. నాన్న నా వైపు తిరిగాడు.

"పూత మీద దున్నమన్నావు కదరా. అదునుకే దున్నీసినారు. ఇంక వరి ఉడుపుకి ఎన్నాళ్లాగాల?"

"పది రోజులాగాల నాన్నా" అన్నాను.