మొదటి ఆదివారం బల్ల

మా మందిరంలో ఒక నియమం ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి జరిగే బైబిల్ స్టడీలో నువ్వు ఎవరి మాటను కాదంటావో, చివర్లో వారి కోసం నువ్వే పైకి ప్రార్థన చేయాలి. పేరు పెట్టి, అందరూ వినేలా. ఇది పెట్టింది మా పాత పాస్టరుగారు. ఒక ఎన్నికలప్పుడు సంఘంలో సగంమంది ఒక పార్టీ, సగంమంది ఇంకో పార్టీ అయిపోయి, చివరికి చాపలు కూడా విడివిడిగా వేసుకుని కూర్చునే దాకా వచ్చింది. ఆయన ఎవరినీ కోప్పడలేదు. ఈ నియమం పెట్టి ఊరుకున్నారు.

కొత్తలో మేం దాన్ని ఎంత చక్కగా పాడుచేశామో చెప్పాలి. ప్రార్థనలోనే వాదన సాగించేవాళ్ళం. "ప్రభువా, ఈ సహోదరుడు ఓటు ఎవరికేసినాడో నీకు తెలుసు, ఆయన కళ్ళు తెరువు తండ్రీ" అని ఒకరు. "ప్రభువా, ఈ సహోదరి నోరు కొంచెం అదుపులో పెట్టు నాయనా" అని నా గురించి ఇంకొకరు. దానికి ఆమేన్ కాస్త గట్టిగానే వినబడింది. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు పాత పాస్టరుగారు రెండో నియమం పెట్టారు: ప్రార్థనలో దేవునికి సమాచారం ఇవ్వకూడదు, సలహా చెప్పకూడదు. ఆ రెండూ తీసేసరికి మా ప్రార్థనలు అర నిమిషానికి దిగాయి.

నేను బడి టీచరును. మా ఊరు కడపకు బస్సులో గంట ప్రయాణం. చుట్టూ నాపరాయి గనులు, బండల ఫ్యాక్టరీలు. ఇళ్ళ మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద ఎప్పుడూ రాతి పొడి ఉంటుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని పిల్లలకూ తెలుసు, సంఘానికీ తెలుసు. బైబిల్ స్టడీలో నేను ఎక్కువసార్లు ప్రార్థన చేయాల్సి వచ్చింది మా సంఘ పెద్ద కోసమే. ఆయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. నేను ఆయనను అన్నా అంటాను, ఆయన నన్ను టీచరమ్మా అంటాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, పోట్లాట ఒక్కటే ఉంది.

ఈస్టరుకు రెండు వారాల ముందు సంగతి ఇది. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఫ్యాను తిరుగుతున్నా ఎవరికీ గాలి తగలడం లేదు. వాక్యం తెరవకముందే ఒక అమ్మాయి లేచి నిలబడింది. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల. కర్నూలులో నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్ స్నేహితురాళ్ళతో ప్రార్థనకు పోయి ప్రభువును నమ్ముకుంది. తల్లి మందిరానికి రాదు, కూతుర్ని వద్దనీ అనదు. ఈస్టరు ముందు శనివారం బాప్తిస్మం తీసుకోవడానికి ఆ పిల్ల పేరు ఇచ్చి ఉంది.

"అయ్యా, నర్సు పోస్టుల లిస్టులో నా పేరు వచ్చిండాది" అంది పాస్టరుగారితో. ఈయన కొత్తాయన, చిన్నవాడు, నెమ్మదస్తుడు. "ఎస్సీ కోటాలో వచ్చింది. పది దినాల్లో కడపకు సర్టిఫికెట్లు తీస్కోని పోవాల. ఇప్పుడు బాప్తిస్మం తీసుకుంటే ఆ సర్టిఫికెట్ నాది కాదంట గదా. నేనేం చేయాల?"

మా సంఘంలో దాదాపు అందరికీ ఈ ముడి సంగతి తెలుసు. మా కులాలవాళ్ళు క్రైస్తవులమని రాస్తే చట్టం లెక్కలో ఎస్సీలు కాకుండా పోతారు, బీసీల్లో ఒక మూల చిన్న గుంపులో పడతారు. అక్కడ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అందుకని మాలో చాలామందికి మందిరంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ పిల్ల అనేసింది.

నేనే ముందు నోరు తెరిచాను.

"దీంట్లో ఆలోచించేదేముంది పాపా? ముందు పోయి ఉద్యోగంలో చేరు. తర్వాత నిదానంగా బాప్తిస్మం తీసుకో. ఎవరికి తెలుస్తాది?"

"దేవునికి తెలుస్తాది గదా టీచరమ్మా" అన్నాడు సంఘ పెద్ద.

"ఆయనకు తెలిస్తే ఏమి? పోయి కలెక్టరుకు చెప్తాడా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కానీ వదల్లేదు.

"నవ్వులాటకేం గానీ, నమ్మినానని నీళ్ళలో దిగి చెప్పినాక, కాగితం మీద కాదని ఎట్ల రాస్తాది? అగ్నిగుండం ముందర నిలబడిన ముగ్గురు పిల్లోళ్ళను తలుచుకో. రాజు నిలబెట్టిన బొమ్మకు ఒక్కసారి వొంగితే సాలు, ఎవురూ ఏమీ అనరు. వొంగినారా?"

"సిరియా సేనాధిపతి వొంగినాడు" అన్నాను. కుష్ఠు నయమై నిజదేవుణ్ణి నమ్ముకున్న ఆ సేనాధిపతి, ప్రవక్త దగ్గర ఒక్క మనవి చేసుకుంటాడు. మా రాజు విగ్రహం గుడికి పోతే నా చెయ్యి పట్టుకుని వంగుతాడు, నేనూ వంగాల్సి వస్తుంది, అది మాత్రం క్షమించమంటాడు. "ఆయన ఉద్యోగం అట్లాంటిది అన్నా. ప్రవక్త ఏమన్నా శపించినాడా?"

మేమిద్దరం పాస్టరుగారి వైపు చూశాం. ఆయన పుస్తకం తెరిచి ఆ భాగం మెల్లగా చదివారు. చదివి, "సమాధానంగా పో అని మాత్రం అన్నాడు. తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. నేను ఇది శానాసార్లు చదివినా. ఆయన మనసులో ఏముందో నాకూ తెల్దు" అన్నారు. పాస్టరు నోట తెలియదనే మాట నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. నాకు ఆ పూటే ఆయన మీద గౌరవం కలిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు.

"మా నాయన బాప్తిస్మం తీసుకున్న మర్నాడు గూడా టీ కొట్లో అదే గ్లాసు ఇచ్చినారు అన్నా. గోడ మీద మనకని వేరేగా పెట్టిన గ్లాసు. ఊర్లో ఎవరి కంటికీ ఆయన కులం పోలేదు. ఒక్క గవర్నమెంటుకే పోయింది. తప్పు వాళ్ళ లెక్కలో ఉంటే, పాపం ఈ పిల్లది ఎట్ల అయితాది?"

"అన్యాయమే. నేను కాదంటినా? అన్యాయమని అర్జీ రాయి, నేనూ వేలిముద్ర ఏస్తా. నేను ఆయన మనిషిని కానని రాయొద్దంటాండా, అంతే. బాప్తిస్మం లేకుంటే నెల నెలా రొట్టె తీసుకునే బల్ల లేదు. ప్రభువు రొట్టె కంటే జీతం పెద్దదా?"

"నీ కొడుకును అడుగు ఆ మాట!" అన్నాను.

ఆయన కొడుకు సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంటర్లో మంచి మార్కులు. ఎస్సీ అని కాగితం ఇస్తే స్కాలర్‌షిప్ వచ్చేది. తండ్రి ఇవ్వనివ్వలేదు. అంతకు చాలా ఏళ్ళ ముందు ఈయనకే ఒక హాస్టల్లో వంటమనిషి ఉద్యోగం వచ్చినప్పుడు, చర్చికి పోతావా అని అడిగిన ఆఫీసరుకు పోతానని చెప్పి వెనక్కి వచ్చిన మనిషి. కొడుకు ఇప్పుడు తండ్రి ఫ్యాక్టరీలోనే కటింగ్ మిషను మీద ఉన్నాడు. మందిరం గడప తొక్కడు.

ఆ మాట నా నోట్లోంచి పోయిన క్షణమే వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆయన తల వంచుకుని నేల మీది బండను చూస్తూ కూర్చున్నాడు. అది ఆయన చేత్తో పాలిష్ చేసి వేసిన బండే.

అప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది.

"టీచరమ్మా, మీరేం రాసినారు?"

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. బడిలో లెక్క తెలియనప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి అడిగినట్టే అడిగింది.

నాకు పదిహేడో ఏట బాప్తిస్మమైంది. ఇరవై నాలుగో ఏట ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఏళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. "హిందూ అని రాసినా" అన్నాను. "కులం సర్టిఫికెట్ విచారణకు మనిషి వచ్చినప్పుడు మా అమ్మ గోడ మీది సిలువ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆయన పోయినాక మళ్ళా తగిలించింది. ఆ పొద్దు అన్నం తింటాంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు."

అంత చెప్పాక ఇంకేం వాదిస్తాం. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. నియమం ప్రకారం నేను సంఘ పెద్ద కోసం, ఆయన నా కోసం. నేను మొదలుపెట్టాను. ఆయన పేరు చెప్పాను. "ప్రభువా" అన్నాను. సమాచారం ఇవ్వకూడదు, సలహా చెప్పకూడదు. క్షమించమని అడగాల్సింది ఆయనను, దేవుణ్ణి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎవరో ఆమేన్ అని ఆ ప్రార్థన ముగించారు.

తర్వాత ఆయన నా పేరు చెప్పి మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఈయమ్మ పిల్లోళ్ళకు సదువు చెప్తాంటాది. నా కొడుక్కూ చెప్పింది. ఆయమ్మను చల్లగా సూడు." అక్కడ ఆగాడు. ఆ మొదటి మాటే సమాచారం, రెండో నియమం దాటేశాడు, అయినా ఎవరూ ఏమీ అనలేదు. "నా ఉద్యోగం నేను వద్దనుకుంటి, అది నా ఇష్టం. నా కొడుకుది గూడా నేనే వద్దంటి. వాణ్ణి ఒక్క మాట అడగల్యా. అది నీ మీద నమ్మకమో, నా మొండితనమో, ఈ పొద్దుటికీ నాకు తెల్దు నాయనా. నీకు తెలిస్తే నాకు చెప్పు."

ఆ రోజు ఎవరూ ఎవరినీ ఓడించలేదు. చాపలు చుట్టి మూల పెట్టి ఇళ్ళకు పోయాం.

బుధవారం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. బాప్తిస్మం జాబితాలోంచి పేరు తీసేయమని పాస్టరుగారికి చెప్పి వస్తున్నానంది. నాకు లోపల సంతోషం వేసింది, నా మాట నెగ్గిందనుకున్నాను. అది ఎక్కువసేపు నిలవలేదు.

"ఉద్యోగంలో చేరినాక దాచిపెట్టి తీసుకోమన్నారు గదా టీచరమ్మా. అట్ల గూడా తీసుకోను. అమ్మకు నేను తప్ప ఎవురూ లేరు, ఉద్యోగం కావాల. అందుకని బాప్తిస్మం లేకుండానే వస్తా. ప్రతి ఆదివారం వస్తా, పాటలు పాడతా. బల్ల అప్పుడు ఊరికే కూర్చుంటా. చట్టమన్నా మారాల, లేకుంటే నాకు ధైర్యమన్నా రావాల. ఏది ముందొస్తే అప్పుడు మునుగుతా."

ఇరవై మూడేళ్ళ పిల్ల. అబద్ధం చెప్పకుండా ఉండటానికి తనకు తానే వెల కట్టుకుంది. నేను కట్టింది ఏమీ లేదు. కాఫీ ఇచ్చి పంపాను.

ఈస్టరుకు ముందే ఆ పిల్ల కడపకు పోయి కాగితాలు చూపించి వచ్చింది. ఆ రోజు బస్సు నిండా ఒంటిమిట్ట కల్యాణానికి పోయేవాళ్ళేనట, కడప దాకా నిలబడే పోయానని చెప్పింది. ఈస్టరు వెళ్ళాక ఉద్యోగం ఖాయమైంది.

మాకు ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. పళ్ళెం చేతులు మారుతూ వరసలో వస్తుంది. ఆ నెల ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. పళ్ళెం వచ్చింది. తాను తీసుకోకుండా నాకు అందించింది. నేను చిన్న ముక్క తీసుకుని పక్కకు ఇచ్చాను. పళ్ళెం మగవాళ్ళ వైపు వెళ్ళింది. సంఘ పెద్ద చేతికి వచ్చింది. ఆయన కూడా తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేశాడు.

నా కంటికి సరిగా ఆనలేదేమో అనుకున్నాను. గ్లాసులు వచ్చినప్పుడు కూడా అంతే. ముప్పై ఏళ్ళుగా ఏ జ్వరం వచ్చినా బల్ల మానని మనిషి. ఆరాధన కాగానే బయట చెప్పుల దగ్గర పట్టుకున్నాను.

"ఏందన్నా, ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండాది."

"మరి?"

చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "ఆ పాప తినే దాకా నేనూ ఆగుతా లే. రొట్టె పెద్దదా జీతం పెద్దదా అని నేనే గదా అడిగింది. ఒక్కతే ఆకలితో కూర్చుంటే ఎట్ల?"

ఆ వారమంతా అదే ఆలోచన. తర్వాతి నెల బల్లకు ముందే ఆయన దగ్గరికి పోయి చెప్పాను. "నేనూ ఆగుతా అన్నా. ముందు ఆగాల్సింది నేనే గదా. అట్ల రాసింది నేను."

ఆయన ఈసారి నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు ఆగొద్దు టీచరమ్మా. నువ్వు తినాల. అట్ల రాసినోళ్ళకు గూడా ఈడ రొట్టె ఉండాదని ఆ పాప నీ పక్కన కూచోని సూడాల."

ఆ ఆదివారం పళ్ళెం ఆ పిల్ల చేతి నుంచి నా చేతికి వచ్చింది. తీసుకున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఎవరికైనా తెలుస్తుందేమోనన్న భయం లేకుండా తిన్నాను.