కోళ్ళక్క చెప్పిన రేటు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది కాయితాల మీదే ఉండిపోయింది. అందరికీ ఆవిడ కోళ్ళక్క. తనకంటే పెద్దవాళ్ళూ అక్కే అంటారు, చిన్నవాళ్ళూ అక్కే అంటారు. ఊరి చివర రెండు పొడవాటి షెడ్లు, వాటి నిండా గుడ్లు పెట్టే కోళ్ళు, వాటి మధ్య తిరుగుతూ నోట్లో నాలుక లేని మొగుడు. ఆయన నాలుక కూడా ఆవిడ నోట్లోనే ఉందని గుడ్ల వ్యాపారి అంటూ ఉంటాడు, ఆవిడ అటు తిరిగాక.

ఈ వ్యాపారి రోజూ తెల్లారగానే ఫోన్‌లో ఒక అంకె పంపుతాడు. ఆ రోజు గుడ్డు ధర అదే. ఎందుకంత అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆ మధ్య ఆ అంకె రోజురోజుకీ కుంగిపోవడం మొదలైంది. గుడ్డు అమ్మితే వచ్చేది, ఆ గుడ్డు పెట్టడానికి కోడి తిన్న దాణాకి కూడా చాలడం లేదు. బట్టలకొట్టువాడైతే బేరాల్లేనప్పుడు షట్టరు దించుకుని ఇంట్లో కూర్చుంటాడు. కోడికి షట్టరెక్కడుంది? ధర ఉన్నా లేకపోయినా పొద్దున్నే తింటుంది, పొద్దెక్కేసరికి గుడ్డు పెడుతుంది.

"రెండు షెడ్లూ కోతకిచ్చెయ్యమ్మా," అన్నాడు వ్యాపారి ఒకనాడు, గుడ్ల అట్టలు వ్యాన్‌లోకి ఎక్కిస్తూ. "మాంసానికి నేనే పంపిస్తా. చుట్టుపక్కల అందరూ చేతులెత్తేశారు. నువ్వొక్కదానివీ ఏం ఊడబొడుస్తావ్?"

"నా కోళ్ళకింకా పెట్టే వయసుంది అన్నా."

"కోళ్ళు పెడితే సరిపోతుందా? జనం తినొద్దూ?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంత చవకైతే జనానికి తినకేం రోగం? వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు పట్నంలో పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది.

"ఏం తగ్గిందక్కా? టీవీలో తగ్గిందట. మా వీధికి ఇంకా దిగిరాలేదు. కొట్టువాడు పాత ధరే చెప్తున్నాడు. ఇచ్చిన డబ్బులకి గుడ్లు చాలక, ఒక్కోటి సగానికి కోసి పెడుతున్నా పిల్లలకి."

కోళ్ళక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడ తన చేతికి వచ్చేది లేదు, అక్కడ పిల్లలకి సగం గుడ్డు. మధ్యలో ఎవడి కడుపు నిండుతున్నట్టు? మర్నాడు వ్యాన్‌కి సగం అట్టలే ఇచ్చింది. మిగతావి ట్రాలీ ఆటోలో వేయించుకుని చెల్లెలి వీధిలో, సరిగ్గా ఆ కొట్టుకి ఎదురుగా దిగింది.

దిగీ దిగగానే తప్పులో కాలేసింది. కోళ్ళు పెంచేవాళ్ళకి ధర అంటే ఫోన్‌లో వచ్చిన అంకే. ఇంకో ధర ఉంటుందన్న ఊహే రాదు. ఆవిడా ఆ అంకెనే గొంతెత్తి అరిచింది. కొట్టువాడు చెప్పేదాంట్లో అది సగం. జనం ఎగబడతారనుకుంది. వచ్చినవాళ్ళు అట్టల మీదికి వంగి, వాసన చూసి, మొహం చిట్లించుకుని వెళ్ళిపోయారు.

"ఇంత చవగ్గా ఇస్తోందంటే కుళ్ళినవే అయ్యుంటాయి," అంది ఒక పెద్దావిడ పక్కావిడతో, కోళ్ళక్కకి వినబడేలాగే.

ఆ మాటకి ఒంటికాలి మీద లేచింది మన కోళ్ళక్క. పక్కనున్న టీకొట్టులో గాజు గ్లాసు అడిగి తెచ్చి, ఒక గుడ్డు పగలగొట్టి అందులో పోసింది. పచ్చసొన చెదరకుండా గుండ్రంగా నిలబడింది. ఆ గ్లాసు తీసుకెళ్ళి పెద్దావిడ ముక్కు దగ్గర పెట్టింది.

"చూడండి పిన్నిగారూ, నిన్న పెట్టిన గుడ్డు. మీ కొట్టులో ఉన్నవి ఎన్నాళ్ళవో ఆయన్నే అడగండి. చవగ్గా ఇస్తున్నానంటే గుడ్డు కుళ్ళి కాదు, నా కడుపు మండి. వ్యాపారి నా దగ్గర కొనే ధర ఇది. మీరెంత పెడుతున్నారో మీకే తెలుసు."

వీధి వీధంతా నోరెళ్ళబెట్టింది. పెద్దావిడ వాసన చూసి, కొట్టు వైపోసారి చూసి, సంచి తెరిచింది. "సరే, ఓ అట్ట ఇవ్వు."

"ఇస్తా. ఆ ధరకి మాత్రం కాదు. అది ఆ వ్యాపారి నా చేత అరిపించిన ధర. దాణా ఖర్చు మీద కాస్త వేసుకుని నా ధర నేను చెప్తా. అయినా మీ కొట్టుకంటే తక్కువే."

"ఇప్పుడేగా ఆ ధర అరిచావ్!" అని సణుక్కుంటూనే కొంది పెద్దావిడ. ఆవిడ వెనకాల మిగతావాళ్ళు. మధ్యాహ్నానికి ఆటో ఖాళీ. ఆ పూట హాస్టల్లో గుడ్లని ఎవరూ సగానికి కోయలేదు.

ఆ కొట్టుకి గుడ్లు వేసేది ఈ వ్యాపారే. సంగతి ఆయన చెవిన పడకుండా ఎలా ఉంటుంది? సాయంత్రానికల్లా గేటు దగ్గర వ్యాన్ ఆపాడు. దిగలేదు.

"వీధులెంట అమ్ముకుంటున్నావంట. ఆ ఆటో మానేస్తావా, అంతా పాతలాగే. లేదూ, రేపట్నుంచి నా వ్యాన్ రాదు. రెండు షెడ్ల గుడ్లు ఆటోలో ఎన్నాళ్ళు మోస్తావో నేనూ చూస్తా."

మొగుడు ఆవిడ మొహంలోకి చూశాడు. వ్యాపారి అన్నది అబద్ధమేం కాదు. రెండు షెడ్ల గుడ్లు ఆ నాలుగు వీధులూ తినలేవు. మిగిలినవి గదిలో పేరుకుపోయి ఎండలకి పాడైపోతాయి. వ్యాన్ లేకపోతే ఒక షెడ్డు పోయినట్టే. పిడికిట్లో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చి, బల్బుల కింద వెచ్చగా పెట్టి పెంచిన కోళ్ళు అవి.

"రాకు," అంది.

"ఏంటీ?"

"రావద్దంటున్నా అన్నా. నీ పప్పులు నా దగ్గర ఉడకవు. వ్యాన్ వెనక్కి తిప్పుకో."

మర్నాడు మాంసం వ్యాపారిని తనే పిలిపించి మొదటి షెడ్డు కోళ్ళని ఇచ్చేసింది. బుట్టల్లోకి తోస్తుంటే అవి రెక్కలు కొట్టుకుంటూ గోల పెట్టాయి. ఒక కోడి బుట్టలోనే గుడ్డు పెట్టింది. అది చూసి ఆవిడ ఏడ్చింది, దాచుకోకుండా, కూలీలందరి ముందూ. ఏడుస్తూనే బేరంలో మాత్రం పైసా వదల్లేదు.

లారీ వెళ్ళిపోయాక ఖాళీ షెడ్డు తలుపు మూసి, రెండో షెడ్డులోకి వెళ్ళి దాణా పోయడం మొదలుపెట్టింది. ఈ షెడ్డు గుడ్లు ఆ నాలుగు వీధులూ తినగలవు.

మొగుడు ఇంకో బకెట్ దాణా తెస్తూ నోరు విప్పాడు. "అందరూ కోళ్ళు అమ్మేసుకున్నారు. ఇవాళో రేపో ధర లేస్తుంది. అప్పుడు ఆ వ్యాన్ మళ్ళీ మన గేటు ముందుకే వస్తుంది."

"రానివ్వండి. గేటు తియ్యాలో వద్దో మన ఇష్టం."

ఆయన దాణా బకెట్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 'మన ఇష్టం' అన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడు విన్నాడో ఎంత ఆలోచించినా ఆయనకి గుర్తు రాలేదు.